జ్ఞాపకశక్తి పెంచే చిప్: పెట్టించుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

పార్కిన్సన్స్, మూర్ఛ రోగుల మెదడులో ఎలక్ట్రోడ్లు అనే సన్నటి తీగలు అమర్చడం నా వృత్తి. ఒకప్పుడు అందరూ "ఈ ఆపరేషన్‌తో మతిమరుపు వస్తుందా డాక్టర్ గారూ?" అని భయపడుతూ అడిగేవాళ్లు. ఇప్పుడు రోగికి తోడుగా వచ్చినవాళ్లు "నాకూ ఒకటి పెట్టెయ్యండి, చదివిందల్లా గుర్తుండిపోతుంది" అంటున్నారు. నవ్వుతూనే అంటారు గానీ, జవాబు కోసం ఆగి చూస్తారు.

అపోహ: చిప్ అంటే మెదడుకి అదనపు మెమరీ కార్డు.

వాస్తవం: మెదడులో చోటు చాలకపోవడం అనే సమస్యే లేదు. 1953లో హెన్రీ మొలైసన్ అనే వ్యక్తికి ఫిట్స్ తగ్గించాలని మెదడు లోపల రెండు వైపులా ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. చిన్నప్పటి సంగతులు ఆయనకు మిగిలాయి. కొత్తవి మాత్రం నిలవలేదు. ఏళ్ల తరబడి తనను పరీక్షించిన మనస్తత్వవేత్తను కూడా ప్రతిసారీ కొత్తగా పలకరించేవాడు. 2008లో చనిపోయేదాకా అంతే. విచిత్రమేమిటంటే, అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం సాధనతో బాగా వచ్చేసింది. కానీ అంతకుముందు గీసినట్టు ఆయనకే తెలియదు. హిప్పోక్యాంపస్ పద్దులు దాచే బీరువా అనుకుంటాం గానీ, అది పద్దు రాసే గుమాస్తా. ఇప్పుడు పరిశోధనలో ఉన్న పరికరాలు చేసేదల్లా గుమాస్తా కునుకు తీస్తున్నప్పుడు భుజం తట్టడమే. రాయాల్సిన విషయాన్ని అవి తెచ్చివ్వవు.

అపోహ: సరైన చోట కరెంటు ఇస్తే చాలు, జ్ఞాపకశక్తి పెరుగుతుంది.

వాస్తవం: మేమూ కొంతకాలం అలాగే ఆశపడ్డాం. 2012లో ఏడుగురు రోగుల మీద చేసిన అధ్యయనంలో, హిప్పోక్యాంపస్‌కి సమాచారం అందించే ఎంటోరైనల్ ప్రాంతాన్ని ప్రేరేపిస్తే దారులు బాగా గుర్తున్నాయి. 2016లో ఇంకా ఎక్కువమంది మీద ప్రయత్నిస్తే అదే ప్రాంతంలో, హిప్పోక్యాంపస్‌లో ఇచ్చిన కరెంటు జ్ఞాపకాన్ని చెడగొట్టింది. మెలకువగా రాసుకుంటున్న గుమాస్తా భుజం కుదిపితే గీత వంకరపోతుంది కదా! అందుకే 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం బృందం పద్ధతి మార్చింది. మెదడు సంకేతాలను కంప్యూటర్ గమనిస్తూ, 'ఈ పదం గుర్తుండేలా లేదు' అనిపించిన క్షణంలోనే మెదడు పక్కభాగమైన టెంపోరల్ లోబ్ పైపొరని తట్టింది. 25 మంది రోగుల్లో పదాలు గుర్తుండే అవకాశం సుమారు 15 శాతం పెరిగింది. అదే ఏడాది వేక్ ఫారెస్ట్ బృందం రోగి సొంత సంకేతాల నమూనానే తిరిగి హిప్పోక్యాంపస్‌కి ఇచ్చి సుమారు 35 శాతం మెరుగుదల చూపింది.

పత్రికల్లో ఆ శాతాలు పెద్ద అక్షరాల్లో వచ్చాయి. ఆ రోగులెవరో చాలామంది చదవలేదు. వాళ్లంతా ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో కనిపెట్టడానికి అప్పటికే ఎలక్ట్రోడ్లు పెట్టించుకుని ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్లు. ఈ జబ్బులో చాలామందికి జ్ఞాపకశక్తి ముందే దెబ్బతిని ఉంటుంది. పరీక్ష పెట్టింది పదాల జాబితాలతో, బొమ్మలతో. ఆరోగ్యవంతుడికి ఏం జరుగుతుందో ఆ అంకెలు చెప్పవు.

అపోహ: అల్జీమర్స్‌కి ఇది పనికొస్తుందని తేలిపోయింది.

వాస్తవం: తేలలేదు. ఫోర్నిక్స్ అనే నరాల కట్టను ప్రేరేపిస్తూ 42 మంది మీద జరిపిన ట్రయల్‌లో మొత్తం మీద ప్రయోజనం కనబడలేదు. 65 ఏళ్లలోపు వాళ్ల పరిస్థితి ఇంకాస్త దిగజారినట్టు కనిపించింది.

అపోహ: చిన్న ఆపరేషనే, నచ్చకపోతే తీయించుకోవచ్చు.

వాస్తవం: పుర్రెకి రంధ్రం పెట్టాలి. మెదడు లోతుల్లో కరెంటు ఇచ్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌లోనైతే చర్మం కిందుగా వైరు లాగి, ఛాతీలో బ్యాటరీ పెడతాం. ఎంత జాగ్రత్తగా చేసినా వందలో ఒకరిద్దరికి మెదడులో రక్తస్రావం కావచ్చు, ఇన్ఫెక్షన్ భయం అంతకన్నా ఎక్కువ. మళ్లీ ఛార్జ్ చేసే వీలు లేని బ్యాటరీని కొన్నేళ్లకోసారి మార్చాలి. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చుకోలేనంత వణుకు ఉన్నవాళ్లకి ఇదంతా భరించదగ్గదే, వాళ్లకి నేనే చెప్పి ఒప్పిస్తాను. పరీక్ష మార్కుల కోసం అడిగేవాళ్లకి ససేమిరా చెయ్యను.

తీయడం మాట. ఎలక్ట్రోడ్ చుట్టూ మెదడు మచ్చకణజాలం అల్లుకుంటుంది, తీస్తే మళ్లీ రక్తస్రావం భయం. దీనికి మించి నన్ను కలవరపెట్టేది మరొకటుంది. ఆర్గస్-2 అని కంటి ఇంప్లాంట్ వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా అంధులు పెట్టించుకున్నారు. 2019లో తయారీ ఆగిపోయింది. తర్వాత పరికరం పాడైతే బాగుచేసే దిక్కు లేకుండా పోయింది. కంట్లోనే ఉంది, పని చెయ్యదు. రేపు జ్ఞాపకశక్తి ఇంప్లాంట్ అమ్మడానికి ఎవరొచ్చినా నేను మొదట అడిగేది శాతాలు కాదు. మీ కంపెనీ మూతపడితే దీన్ని ఎవరు చూస్తారు? తీయాల్సివస్తే ఖర్చు ఎవరిది? నా మెదడు నుంచి వచ్చే డేటా ఎవరి దగ్గర ఉంటుంది?

అపోహ: ఎంత గుర్తుంటే అంత మంచిది.

వాస్తవం: తేదీ చెబితే ఆ రోజు ఏం జరిగిందో చెప్పగల మనుషులు కొందరున్నారు. వాళ్లలో 2006లో మొదటిసారి వైద్య పత్రికకెక్కిన మహిళ, ఆగకుండా తిరిగే ఆ జ్ఞాపకాలను పెద్ద బరువుగానే వర్ణించింది.

మూర్ఛ చికిత్స కోసం ఎలక్ట్రోడ్లు ఎలాగూ పెట్టించుకుంటున్నవాళ్లు, నైతిక కమిటీ అనుమతి ఉన్న ట్రయల్‌లో చేరతామంటే చేరమనే అంటాను. మిగతావాళ్లు, "ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదు, అందుకే అడిగాను" అని చివర్లో గొంతు తగ్గించి చెబుతారు. వాళ్లని మళ్లీ కూర్చోబెడతాను. థైరాయిడ్, బి12 పరీక్షలు రాస్తాను. నిద్రమాత్రలు వాడుతున్నారా అని, రాత్రిళ్లు గురక పెడుతూ ఊపిరి ఆగుతోందా అని, మనసు దిగులుగా ఉంటోందా అని అడుగుతాను. చాలాసార్లు చిప్ సంగతి అక్కడితో మరిచిపోతారు.