పాత ఫ్యాక్టరీ స్థలంలో అపార్ట్‌మెంట్లు: మట్టి శుద్ధి ఖర్చు ఎవరిది?

పాత ఫ్యాక్టరీ స్థలాలు కొనేవాళ్ల కోసం హైదరాబాద్ చుట్టుపక్కల మట్టి, భూగర్భజలాల పరీక్షలు చేస్తుంటాను. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ (హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి) పాలసీ తెచ్చింది. దాదాపు 9,292 ఎకరాల పారిశ్రామిక భూములను ఇళ్లకూ ఆఫీసులకూ మార్చుకునే వీలు కల్పించింది. అప్పట్నుంచి నాకు ఫోన్లు పెరిగాయి. ప్రశ్నలు వేరైనా వాటి వెనకున్న అపోహలు ఇవే.

అపోహ: పాడుచేసింది పాత ఓనరు. కొన్నవాళ్లకేం సంబంధం?

వాస్తవం: చట్టం చూస్తే నిజమే, పాడుచేసినవాళ్లే కట్టాలి. రాజస్థాన్‌లోని బిచ్చిరి కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఈ సంగతి తేల్చింది. అక్కడ రంగుల తయారీలో వాడే హెచ్-యాసిడ్ అనే రసాయనం తయారీ వ్యర్థాలు నేలలోకి దిగి ఊళ్లో బావులు పాడయ్యాయి. యూనిట్లు మూతపడినా బాధ్యత పోదని కోర్టు అంది. శుద్ధి ఖర్చు 37.385 కోట్ల రూపాయలని లెక్క తేలింది. కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లు వేసింది. చివరికి 2011లో, 12 శాతం చక్రవడ్డీతో కలిపి కట్టమని మళ్లీ తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఆ కేసు వేసింది 1989లో!

అన్నేళ్లపాటు బ్యాంకు వడ్డీ కట్టుకుంటూ ఏ బిల్డరు కూర్చుంటాడు? అందుకే మా అనుభవంలో ఈ ఖర్చు ఎవరిదో సేల్ అగ్రిమెంట్ రోజునే తేలిపోతుంది. మట్టి రిపోర్టు చేతిలో ఉంటే ఆ మేరకు ధర తగ్గించమని అడగొచ్చు.

ఒకచోట కొన్నవాళ్లు ముప్పై ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు తిరగేశారు గానీ మట్టి జోలికి పోలేదు. సెల్లారు తవ్వుతుంటే ఆరడుగుల లోతులో సాల్వెంట్ (ఫ్యాక్టరీల్లో పదార్థాలను కరిగించడానికి వాడే రసాయనం) వాసన గుప్పుమంది. మామూలు మట్టయితే లారీల్లో తీసుకెళ్లి ఏ పల్లంలోనో పోస్తారు. ఇది ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి వస్తుంది. దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి టన్నుకింతని కట్టి పంపాల్సిందే. అప్పటికే రిజిస్ట్రేషన్ అయిపోయింది. పాత ఓనరు ఫోన్ ఎత్తడం మానేశారు.

అపోహ: ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వమే శుభ్రం చేస్తుంది.

వాస్తవం: 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. బాధ్యులు దొరకకపోయినా, కట్టలేని స్థితిలో ఉన్నా ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చూసుకోవాలని అందులో ఉంది. బాగానే ఉంది. కానీ అప్పటికి దేశం మొత్తం మీద గుర్తించిన 103 స్థలాల్లో పని మొదలైంది ఏడింట్లోనే. ఆ వరసలో మీ ప్లాటు ఎన్నోది? భోపాల్ సంగతే చూడండి. యూనియన్ కార్బైడ్ ఆవరణలోని 337 టన్నుల వ్యర్థాన్ని పీతంపూర్‌కు తరలించి కాల్చేసరికి 2025 వచ్చింది. దానికైన 126 కోట్లూ ప్రజల డబ్బే. అదీ పైన పోగుచేసి ఉంచిన వ్యర్థానికి మాత్రమే. నేలా, భూగర్భజలాలూ అలాగే ఉన్నాయి.

అపోహ: పైన రెండడుగుల మొరం పోస్తే సరి.

వాస్తవం: సాల్వెంట్లు నీటితోపాటు కిందికి దిగుతాయి, పక్కకీ పాకుతాయి. మొరం కప్పితే వాసన పోతుందేమో, బోరు నీళ్లు బాగుపడవు.

అపోహ: శుద్ధి అంటే మట్టిని అడవిలో మట్టంత స్వచ్ఛంగా చేయాలి, అందుకే అంత ఖర్చు.

వాస్తవం: స్థలాన్ని దేనికి వాడతారన్న దాన్నిబట్టి పరిమితి ఉంటుంది. పార్కింగ్‌కు సరిపోయే మట్టి పిల్లలు ఆడుకునే చోటుకి పనికిరాదు. కొడైకెనాల్‌లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ స్థలానికి కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల పాదరసాన్ని లక్ష్యంగా పెట్టారు. ఖర్చు కంపెనీదే. ఆ లక్ష్యం ఇంకా తక్కువ ఉండాలని ఉద్యమకారులు ఏళ్ల తరబడి పోరాడారు. పరిమితి ఎంత బిగిస్తే బిల్లు అంత పెరుగుతుంది మరి.

నా సొంత అభిప్రాయం ఒకటి. భూవినియోగం మార్చడానికి ప్రభుత్వం ఎలాగూ ఫీజు తీసుకుంటోంది. అందులో కొంత మట్టి పరీక్షలకు పక్కన పెట్టి, రిపోర్టు లేకుండా మార్పిడికి ఒప్పుకోకూడదు. ఫ్యాక్టరీ లాభాలు ఒకరు తీసుకుని, బిల్లు మాత్రం ఫ్లాటు కొన్నవాళ్ల నెత్తిన పడితే ఎలా?

అంతవరకూ కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే: అడ్వాన్సు ఇచ్చే ముందు, ఆ యూనిట్లో పనిచేసి మానేసిన పాత కార్మికుణ్ణి ఒకరిని వెతికి పట్టుకోండి. డ్రమ్ములు ఎక్కడ కడిగేవాళ్లో, రాత్రిపూట నీళ్లు ఎటు వదిలేవాళ్లో అడగండి. మట్టి పరీక్షకు మొదటి బోరు అక్కడే వేయిస్తాం.