2,110 ఎవరికి, 2,710 ఎవరికి?

తిరుపతిలో వాకింగ్‌కు వెళ్లేవాళ్ల మధ్య పాత వాదన మళ్లీ మొదలైంది. జిమ్‌లో రాసిచ్చిన డైట్ చార్ట్ రోజుకు 2,700 కేలరీలు తినమంటుంది. డైటీషియన్ ఏమో 2,100 దగ్గర ఆగమంటారు. ఎవరిని నమ్మాలో తెలియక మధ్యలో మనిషికి టెన్షన్.

ఈ గొడవ ముదరడానికి కారణం 2020లో ఉంది. ఊరికే పడుకున్నా ఒంటికి కొంత శక్తి ఖర్చవుతుంది. రోజుకు ఎన్ని కేలరీలు కావాలో తేల్చడానికి దాన్ని పనిని బట్టి ఒక అంకెతో గుణిస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2010 లెక్కల్లో కూర్చుని పనిచేసేవాళ్లకు ఆ అంకె 1.53. 2020లో దాన్ని 1.4 చేశారు. ప్రామాణిక పురుషుడి బరువు 60 కిలోల నుంచి 65కి పెంచినా, అతని అవసరం 2,320 నుంచి 2,110కి పడిపోయింది. మధ్యస్థ శ్రమకు మాత్రం 1.8 అలాగే ఉంచారు. అక్కడ 2,730 కాస్తా 2,710 అయింది, అంతే. అంటే కూర్చుని చేసే పని, మధ్యస్థ శ్రమ అనే రెండు గడుల మధ్య తేడా 410 నుంచి 600కి పెరిగింది. ఏ గడిలో టిక్ పెట్టామన్నది ఇప్పుడు చిన్న విషయం కాదు.

బరువులెత్తేవాళ్లకు తిండి చాలాలని ట్రైనర్లు అనడంలో న్యాయం ఉంది. కానీ 1.8 అనేది గంటసేపు చేసిన వ్యాయామానికి ఇచ్చేది కాదు, నిద్రతో సహా 24 గంటల సగటు. పగలంతా కౌంటర్‌లో కూర్చుని, శనివారం అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లు 'మధ్యస్థం' అని రాసుకుంటున్నారు. రోజుకు 600 చొప్పున వారానికి 4,200 అదనంగా తినాలన్నమాట. ఒక్కసారి కొండెక్కితే అంత ఖర్చు కాదు. డైటీషియన్లు చెప్పేదే సరైన లెక్క.

ఆ సంస్థ 2020 పట్టికలోనే ఇంకో వరుస ఉంది, ఈ వాదనలో దాని ఊసే రాదు. బరువు పని చేసే 55 కిలోల స్త్రీకి 2,720 కేలరీలు కావాలి. కుర్చీలో పనిచేసే మగవాడికంటే 610 ఎక్కువ. చిత్తూరు వైపు చెరకు మోపులు, మామిడి బుట్టలు మోసే ఆడవాళ్లు ఈ వరుసలోకే వస్తారు. పొద్దున్నే సంగటి ముద్ద తిని పనికెళ్లే ఆమెకు రాత్రికల్లా ఆ 2,720 అందుతోందా అని అడిగే చార్ట్ ఏదీ నా కంటపడలేదు.