లాటరీ మెయిల్ వచ్చిందా? బ్యాంకు కౌంటర్ ఇవతలి నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

లాటరీ మోసం మెయిల్‌తోనే మొదలవుతుందేమో కానీ డబ్బు పోయేది మా కౌంటర్ దగ్గరో, మీ చేతిలోని ఫోన్‌లోనో. పదకొండేళ్లుగా కౌంటర్ ఇవతల కూర్చుంటున్నదాన్ని కాబట్టి నాకు ఆ మెయిళ్ల కంటే వాటి కోసం జనం రాసుకొచ్చే నెఫ్ట్ ఫారాలే (వేరే ఖాతాకి డబ్బు పంపే ఫారాలు) ఎక్కువ తెలుసు.

అపోహ: చదువు రానివాళ్లూ, అత్యాశపరులే పడతారు

మా బ్రాంచికి పెన్షన్ కోసం వచ్చే లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఒకరోజు 18,500కి ఫారం నింపి తెచ్చారు. డబ్బు వెళ్లేది బిహార్‌లో ఎవరిదో సేవింగ్స్ ఖాతాకి, కారణం దగ్గర ‘ఇంటి ఖర్చులు’ అని రాసి ఉంది. మాస్టారూ, బిహార్‌లో మీకు ఇల్లెక్కడిదండీ అని నవ్వుతూ అడిగితే ముందు కోప్పడ్డారు, తర్వాత చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ప్రింటు తీశారు. 25 లక్షల బహుమతి, పైన రిజర్వ్ బ్యాంకు ముద్ర, కింద సంతకం. అప్పటికే రిజిస్ట్రేషన్‌కని 4,200, ఫైల్ కదలాలని 9,000 కట్టేశారు. ఆయనది ఆశ కంటే లెక్క: ఇప్పుడు ఆపేస్తే ఆ 13,200 పోతాయి కదమ్మా అని. ఈ మోసం బతికేదే ఆ లెక్క మీద. మొదటిసారి అడిగేది ఎప్పుడూ చిన్న మొత్తమే, కట్టాక ‘ఇంకొక్కటి’ అంటారు, ఆ ఒక్కటికి అంతుండదు.

స్పీకర్ పెట్టి, ఆ డబ్బు అడిగినవాడికి ఫోన్ చేయించాను. ఆ 18,500 బహుమతిలోంచే కోసుకుని మిగతాది పంపండి అని మాస్టారు అడిగితే, ‘రూల్స్ ఒప్పుకోవు సార్, అయినా బ్యాంకు వాళ్లకి ఈ విషయం చెప్పకండి, కమీషన్ అడుగుతారు’ అన్నాడు. కమీషన్ అడుగుతుందని వాడన్న ఆ బ్యాంకు మనిషిని నేనే, ఎదురుగానే ఉన్నాను మరి. మాస్టారు ఫారం నాలుగు ముక్కలు చేశారు.

అపోహ: తప్పుల తడక ఇంగ్లిషు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది

తప్పులు కొన్నిసార్లు కావాలనే వదిలేస్తారేమో. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ 2012లో ఈ మాటే చెప్పాడు: నమ్మశక్యం కాని కథ చదివి కూడా జవాబిచ్చేవాడే చివరిదాకా డబ్బు కడతాడు, మిగతావాళ్లు తమంతట తామే తప్పుకుంటే మోసగాడికి టైమ్ కలిసొస్తుంది. నైజీరియా శిక్షాస్మృతిలో మోసం సెక్షన్ 419, అందుకే వీటికి ప్రపంచమంతా ఆ పేరు. మన ఫోర్‌ట్వంటీకి ఒక్క నంబరే తేడా. ఇప్పుడైతే తప్పుల్లేని తెలుగులోనే వస్తున్నాయి కాబట్టి భాష చూడటం వల్ల లాభం లేదు. పంపినవారి పేరు మీద వేలు పెట్టి అసలు మెయిల్ అడ్రస్ చూడండి, రిజర్వ్ బ్యాంకు అధికారి ఉచిత జీమెయిల్ నుంచి ఎందుకు రాస్తాడు?

అపోహ: పన్ను ముందే కట్టాలి కదా

నిజమైన లాటరీలో నగదు గెలిస్తే 30 శాతం పన్ను (టీడీఎస్) బహుమతి ఇచ్చేవాళ్లే కోసుకుని మిగతాది ఇస్తారు. ముందుగా ఎవరి సొంత ఖాతాలోనో వేయమనరు. రిజర్వ్ బ్యాంకు మామూలు మనుషులకి డబ్బు దాచుకునే ఖాతాలు తెరవదు, లాటరీ డబ్బు పంచదు, ఈ మాట ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. విదేశీ లాటరీలో చేరడానికి ఇక్కడి నుంచి డబ్బు పంపడమే ఫెమా (విదేశీ మారక చట్టం) కింద నిషేధం. వీటన్నింటికంటే ముందు, మీరు టికెట్ కొన్నారా? కొనకుండా గెలిచేదేమిటి? కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో వాట్సాప్‌లో తిరిగిన 25 లక్షల ఆడియోలదీ ఇదే వరస. కస్టమ్స్‌లో పార్సిల్ ఆగిందనేదీ ఇదే, కథ మారుతుంది అంతే.

అపోహ: ఖాతా మన దేశందే, దొంగైతే దొరికిపోతాడుగా

ఆ ఖాతా ఎవడో అద్దెకిచ్చింది. నెలకి ఇంతని కమీషన్ ఆశపడి ఏటీఎం కార్డు, సిమ్ అప్పజెప్పిన కుర్రాళ్లవే ఎక్కువ. డబ్బు పడిన నిమిషాల్లో వేరే ఖాతాలకి వెళ్లిపోతుంది, పోలీసులు ముందు వచ్చేది మాత్రం ఖాతా పేరున్నవాడి ఇంటికే. మీ పిల్లలకి ఇది కూడా చెప్పండి.

అపోహ: పోయింది పోయింది, ఫిర్యాదు దండగ

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి. ఎంత తొందరగా చెబితే, అవతలి బ్యాంకులో ఇంకా మిగిలి ఉన్న డబ్బు ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. యూటీఆర్ నంబరు (డబ్బు పంపినప్పుడు వచ్చే లావాదేవీ నంబరు), వేసిన టైమ్, అవతలి ఖాతా వివరాలు దగ్గర పెట్టుకోండి. సిగ్గుతో మెయిళ్లు, చాట్ డిలీట్ చేసేస్తారు చాలామంది, అదొక్కటీ చేయకండి. మాస్టారి 13,200లో రెండో విడతలోవి 3,100 మాత్రం ఆగాయి.

మూడు వారాలకి ఆయనకి మళ్లీ ఫోన్ వచ్చిందట, సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ మొత్తం డబ్బు రికవర్ అయింది, ఫైల్ ఛార్జి 2,500 కట్టండి అని. పోగొట్టుకున్నవాళ్ల నంబర్లు ఒకడి దగ్గర్నుంచి ఇంకొకడికి చేరుతూ ఉంటాయి కాబట్టి ఈ రెండో ఫోన్ రావడం మామూలే. ఈసారి మాస్టారు ఫారం నింపకుండా వచ్చారు, ఆ నంబరు చీటీ మీద రాసుకుని.