వైద్యం నాది, సంతకం నాన్నది

బరంపురం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. పెద్ద జబ్బు చేసిన పదిహేనేళ్ల పిల్లో పిల్లాడో తన వైద్యం సంగతి తనే తేల్చుకోవచ్చా అని మీలో మీరు కీచులాడుకుంటున్నారట. ఒకరు "ఒళ్లు నాది, నా ఇష్టం" అన్నారట, ఇంకొకరు "డబ్బు కట్టేది నాన్న, ఆయన చెప్పినట్టే వినాలి" అన్నారట. రెండిట్లోనూ సగమే నిజముంది.

నా మాట ముందే చెప్పేస్తాను. వైద్యం అని ఒక్క మాటలో అంటాం గానీ, అందులో రకరకాల ప్రశ్నలుంటాయి. కొన్నిట్లో పిల్లల మాటే చెల్లాలి. కొన్నిట్లో పిల్లల మాట ఒక్కటే పట్టుకుని నడవకూడదు. ఏది ఎందులోకి వస్తుందో జబ్బు దగ్గరికెళ్లి చూస్తే గానీ తెలీదు.

ముందు చట్టం సంగతి చెప్పేస్తే ఒక పనైపోతుంది. మన దేశంలో 18 నిండేదాకా ఆపరేషన్ కాగితం మీద అమ్మదో నాన్నదో సంతకం ఉండాల్సిందే. మేజరు వయసు 18 అని చెప్పింది 1875 నాటి చట్టం. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనేమో 12 ఏళ్లలోపు పిల్లల సమ్మతి సమ్మతే కాదని ఉంది. 12కీ 18కీ మధ్యవాళ్ల గురించి సూటిగా తేల్చలేదు గనుక ఆస్పత్రులు పెద్దల సంతకం లేనిదే కదలవు. కొత్త మందుల పరిశోధనలో చేర్చుకునేటప్పుడు మాత్రం పెద్దల సంతకంతో పాటు 12 దాటిన పిల్లల రాతపూర్వక ఒప్పుదల కూడా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో చెప్పింది. అదే ఏడు వచ్చిన హెచ్‌ఐవీ చట్టంలో ఒక వింత ఉంది. ఆ జబ్బు తగిలిన ఇంట్లో సంసారం లాక్కొస్తున్న అక్క 12 దాటి, తగిన పరిణతి ఉన్నదైతే, తమ్ముడి వైద్యానికి సంరక్షకురాలిగా నిలబడొచ్చు. అదే అక్కకి అపెండిక్స్ వాస్తే ఆమె కాగితం మీద ఇంకెవరో పెద్దవాళ్లు సంతకం పెట్టాలి!

ఇక మన ప్రాంతం సంగతి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు ఇళ్లలో చాలామంది అమ్మానాన్నలకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. మీరేమో ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతారు. బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రిలో గానీ, కటకం ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆస్పత్రిలో గానీ డాక్టరు ఒడియాలో చెబితే, తన జబ్బు గురించి తనే విని అమ్మకి తెలుగులో చెప్పాల్సింది ఆ పిల్లే. "పిల్లకి తెలియకూడదు" అని మేనమామ బయట గుసగుసలాడుతుంటాడు. లోపల రిపోర్టు చదివి పెడుతున్నది ఆ పిల్లే కదా!

ఈ పని జబ్బు పిల్ల మీద పెట్టకూడదు. ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. రక్త క్యాన్సర్లలో ఏఎల్ఎల్ అని ఒకటుంది, పిల్లల్లో ఎక్కువగా వచ్చేది. దాని వైద్యం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలల్లో ఆస్పత్రి, తర్వాత ఇంటి దగ్గరే మాత్రలు. 6-మెర్‌కాప్టోప్యూరిన్ రోజూ వేసుకోవాలి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. ఒడియాలో రోజుకోసారి అంటే "దినకు థరె", వారానికోసారి అంటే "సప్తాహకు థరె". ఓపీ గదిలో జనం గోలలో ఆ చివరి "థరె" ఒక్కటే చెవిన పడుతుంది. మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ పడితే కొద్ది రోజుల్లోనే నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణం మీదికొస్తుంది. అందుకని రెండు భాషలూ వచ్చిన పిన్నినో, చిన్నాన్ననో, వార్డులో తెలుగు వచ్చిన నర్సునో పిలుచుకోండి. మాత్రల డబ్బా మీద వారం పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించుకోండి: "లక్ష్మివారం మాత్రమే" అని. అమ్మ చదవగలగాలి, మీరూ చదవగలగాలి.

పెద్దవాళ్లు చేసే ఇంకో పొరపాటుంది. ఆ మాత్రల్ని "బలం మాత్రలు" అని చెప్పి మింగిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆర్నెల్లకి పిల్లాడికి బలం వస్తుంది, క్రికెట్ ఆడతాడు, ఇంకా ఈ మాత్రలెందుకని వారంలో రెండు రోజులు దిండు కింద పెట్టేస్తాడు. వేసుకోవాల్సిన 6-మెర్‌కాప్టోప్యూరిన్‌లో 95 శాతం కన్నా తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని అమెరికాలో చేసిన అధ్యయనాల్లో తేలింది. నెలకి రెండు రోజులు మాత్రలు మానేస్తేనే ఆ గీత కిందికి జారిపోతాం. జబ్బు పేరు దాచి వైద్యం చేయించడం తప్పనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

రాయగడ, కొరాపుట్ వైపు ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బుకీ, అంటే రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బుకీ, ఇదే వర్తిస్తుంది. దానికిచ్చే హైడ్రాక్సీయూరియా అనే మందు సాధారణంగా ఒంటి బరువు కిలోకి 10 నుంచి 20 మిల్లీగ్రాముల లెక్కన మొదలుపెడతారు, మధ్యమధ్య రక్తకణాలు లెక్క చూస్తారు. నొప్పులు తగ్గడం తెలిసేసరికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. రెండో నెలలో "దీనివల్ల ఏం ఒరగలేదు" అని మానేసేవాళ్లుంటారు. ఈ జబ్బులో సంతకం ఎవరు పెట్టినా గోళీ మింగేది, నీళ్లు తాగేది మీరే. అంటే నిర్ణయం రోజూ మీ చేతుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. ఎముకలో వచ్చే ఆస్టియోసార్కోమా అనే క్యాన్సర్ మీ ఈడులోనే ఎక్కువగా వస్తుంది, అదీ మోకాలి దగ్గర, ఎముక జోరుగా పెరిగే చోట. ఆటలో తగిలిన దెబ్బ అనుకుని కట్లు కట్టించి, నూనె మర్దన చేయించి నెలలు పోగొట్టుకుంటారు. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, తగ్గని వాపు ఉంటే ఎక్స్‌రే తీయించాలి, మర్దన చేయించకూడదు. వైద్యమేమో ముందు సుమారు పది వారాలు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. ఊపిరితిత్తులకి పాకకముందు దొరికితే, పూర్తి వైద్యం అందినవాళ్లలో 100కి 60 నుంచి 70 మంది బయటపడతారు. కీమో లేని రోజుల్లో ఆపరేషన్ ఒక్కటే చేస్తే 80 మందికి తిరగబెట్టేది.

ఆపరేషన్ దగ్గరికొచ్చేసరికి దారులు చీలతాయి. జబ్బు ఎముక తీసేసి లోహపు కీలు పెట్టి కాలు నిలబెట్టడం ఒకటి. తొడ దగ్గర తీసేసి కృత్రిమ కాలు పెట్టుకోవడం రెండోది. మూడోది చాలామంది వినని పద్ధతి: మోకాలి భాగం తీసేసి, కింది కాలిని వెనక్కి తిప్పి అతికిస్తారు, చీలమండే మోకాలిలా పనిచేస్తుంది, దానికి కృత్రిమ కాలు తొడుగుతారు. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ పరుగెత్తడానికి పనికొస్తుంది. క్యాన్సర్‌ని పూర్తిగా, అంచులతో సహా తీసేయొచ్చని సర్జన్ అంటే, ఏ దారిలో వెళ్లినా బతికే అవకాశంలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ఆ తర్వాత బతుకులో ఉంటుంది. లోహపు కీలు పెడితే అద్దంలో రెండు కాళ్లూ కనబడతాయి, కానీ చీము పట్టొచ్చు, వదులవ్వొచ్చు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు పడొచ్చు. గొంతుకూర్చోవద్దంటారు, బాసింపట్టు వేసుకోవద్దంటారు. నేల మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో ఇది రోజూ ఎదురయ్యే కష్టం. కాలు తీసేస్తే ఆపరేషన్ల బెడద తక్కువ, కానీ లేని కాలు నొప్పెట్టినట్టు ఉండడం, తొడుగు మార్చుకుంటూ ఉండడం, జనం చూపులు.

ఇక్కడ పిల్ల మాటే చెల్లాలని నేను గట్టిగా అంటాను. ప్రాణానికి తేడా లేనప్పుడు, అరవై ఏళ్లు ఆ కాలితో నడవాల్సింది ఆ పిల్లే. "ఆడపిల్ల, పెళ్లి కావాలి, కాలు కనబడాలి" అని బంధువులు తేల్చేస్తే అది వైద్యం మీద జరిగిన నిర్ణయం కాదు, పెళ్లిచూపుల మీద జరిగిన నిర్ణయం.

సిగ్గుతో ఎవరూ అడగని సంగతి ఒకటుంది. కొన్ని కీమో మందులు తర్వాత పిల్లలు పుట్టే శక్తిని దెబ్బతీస్తాయి. ఈడొచ్చిన మగపిల్లలైతే మొదటి డోసు ఎక్కకముందే వీర్యం దాచిపెట్టే వీలుందా అని అడగాలి, మొదలయ్యాక అడిగితే ఆలస్యమే. ఆడపిల్లలకీ దారులున్నాయి, వాటికి కొంచెం ఎక్కువ వ్యవధి కావాలి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు చెవిని దెబ్బతీస్తుంది గనుక మొదలుపెట్టకముందు వినికిడి పరీక్ష, డాక్సోరుబిసిన్ అనేది గుండెని దెబ్బతీయొచ్చు గనుక ఎకో అనే గుండె స్కాన్ చేయించాలి. నాన్న ఎదురుగా అడగలేకపోతే డాక్టరుతో ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని అడగండి. ఆ మాట అడగడం తప్పు కాదు.

మరి నయమయ్యే జబ్బుకి పిల్ల "వద్దు" అంటే? 2006లో అమెరికాలోని వర్జీనియాలో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ తిరగబెట్టిన 16 ఏళ్ల అబ్బాయి రెండోసారి కీమో వద్దన్నాడు, అమ్మానాన్న వాడి వైపే నిలిచారు, కథ కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది, 2007లో, ఆ రాష్ట్రం చట్టం మార్చింది: 14 దాటి పరిణతి ఉన్న పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ కలిసి ఆలోచించి వద్దంటే దాన్ని నిర్లక్ష్యం అనకూడదని. కనెక్టికట్‌లో 2015లో అదే జబ్బున్న 17 ఏళ్ల అమ్మాయి వద్దంటే అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, వైద్యం చేయించారు. బ్రిటన్‌లో 2008లో 13 ఏళ్ల అమ్మాయి గుండె మార్పిడి వద్దంది, ఆస్పత్రి ఆమె మాట విన్నది. మరుసటి ఏడు తనే మనసు మార్చుకుని చేయించుకుంది. ఈ ముగ్గురి మీదా ఒకే తీర్పు చెప్పేవాళ్లని నేను నమ్మను. హాడ్జ్‌కిన్‌లో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. గుండె మార్పిడిలో జీవితాంతం మందులు, మళ్లీ మార్పిడి పడే అవకాశం.

ఆ "వద్దు"ని విప్పి చూడాలి. చాలాసార్లు దాని లోపల సరిచేయగలిగిందే ఉంటుంది. వాంతులా? కీమోకి ముందు ఇచ్చే మందులు మార్చొచ్చు, పెంచొచ్చు. రోజూ సూదులా? ఛాతీ దగ్గర చర్మం కింద పోర్ట్ అనే, మందు ఎక్కించే చిన్న పరికరం పెడితే ఆ పోటు తగ్గుతుంది. పదో తరగతి పరీక్షలా? వైద్యంలోని కొన్ని దశల్లో ఒకటి రెండు రోజులు జరపడం కుదురుతుంది, కొన్నిట్లో కుదరదు, అడిగితేనే తెలుస్తుంది. జుట్టా? అదీ చిన్న బాధేం కాదు. ఇవన్నీ సరిచేశాక కూడా వద్దంటే అప్పుడది అసలైన వద్దు, దాన్ని కూర్చుని వినాలి.

మెదడు పాతికేళ్లకి గానీ పండదని కొందరు పెద్దలు వాదిస్తారు. అలాగైతే 18కే ఓటెందుకిచ్చారని నా ప్రశ్న. నిదానంగా ఉన్నప్పుడు పదహారేళ్ల వాళ్లు పెద్దవాళ్లంత బాగానే ఆలోచిస్తారు, తేడా వచ్చేది కోపంలో, భయంలో, తోటివాళ్ల మధ్య. కాబట్టి వాంతులైన రాత్రి ఏదీ తేల్చకండి. రెండు మూడు రోజులాగి మళ్లీ అడగమనండి, జవాబు అదేనా అని.

మీ మాటకి విలువ ఎంతివ్వాలో తెలుసుకోవడానికి మంచి డాక్టరు చేసే పని ఒకటుంది. "అర్థమైందా" అని అడగడు, ఎందుకంటే అందరూ అయిందనే అంటారు. "మీ అమ్మకి చెప్పినట్టు నాకు చెప్పు" అంటాడు. నీ జబ్బేమిటి, ఏం చేయబోతున్నాం, చేయకపోతే నీకు, పక్కమంచం వాడికి కాదు, నీకు ఏమవుతుంది, నువ్వు ఇది ఎందుకు ఎంచుకుంటున్నావు. తెలుగులోనైనా ఒడియాలోనైనా మీ సొంత మాటల్లో ఇవి చెప్పగలిగితే వయసు 14 అయినా నేను ఆ మాట పక్కన పెట్టను. అమ్మానాన్నలే నయమయ్యే వైద్యం మాన్పించి నాటుమందుకి తీసుకుపోతుంటే, 1098కి ఫోన్ చేయొచ్చు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ చూడాల్సిన పని అది.

ఇక నయం కాదని తేలిన రోజు. అప్పుడు ఇంకో కీమోనా, ఇల్లా అనే ప్రశ్నలో పిల్ల కోరికే పైన ఉండాలి, పెద్దలకి అది ఎంత కష్టమైనా. ఇంటికంటే ఇంటికే. కానీ వట్టి చేతులతో కాదు. నొప్పికి మార్ఫిన్ మాత్రలు గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లోనే దొరుకుతాయి, పర్లాకిమిడి అవతల పల్లెలో రాత్రి పది గంటలకి ఎక్కడా దొరకవు. మళ్లీ వచ్చేదాకా సరిపడా తీసుకునే బయల్దేరాలి, దాంతో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందూ అడగాలి, ఎందుకంటే మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది. "అది వేస్తే ప్రాణం పోతుంది" అని ఊళ్లో అంటారు. డాక్టరు చెప్పిన మోతాదులో వేస్తే నొప్పి పోతుంది.

చివరగా, ఎవరి మాటా అడగనక్కర్లేని సంగతి ఒక్కటి రాసి ఆపుతాను. కీమో నడుస్తున్న రోజుల్లో జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకూడదు, వెంటనే ఆస్పత్రికి పోవాలి. కణాలు పడిపోయిన ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లోనే ముదురుతుంది. జ్వరం చూసే థర్మామీటరు, ఆస్పత్రి ఫోన్ నంబరు, మీ మందుల పేర్లు రాసిన కాగితం మూడూ ఒకే సంచిలో తలుపు పక్కన వేలాడదీయండి. రాత్రిపూట బండి పట్టుకునేవాడు మీ నాన్నే కావచ్చు, పక్కింటివాళ్లే కావచ్చు. కాగితం తెలుగులో ఒకవైపు, ఒడియాలో రెండోవైపు రాయండి.

మీ
తాతయ్య