వేయించిన రవ్వ, కారని డైపర్

"డైపర్ ప్యాకెట్ మీద లీటరున్నర పీలుస్తుందని రాశాడు. మా మామగారికి రాత్రి పదింటికి వేస్తే పన్నెండుకల్లా దుప్పటి తడిసిపోతోంది. విప్పి చూస్తే వెనకభాగం పొడిగానే ఉంటోంది. ఇదేం మోసమండీ?" అని ఒకావిడ అడిగారు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ పెద్దాయన, రోజుకి రెండు మూడుసార్లు పక్కబట్టలు ఉతుక్కునే కోడలు. చదవగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ చివరి రెండేళ్ళూ మా ఇంట్లో రబ్బరు షీటు, దానిమీద పాత నేతచీరల మడతలు, వరండా తీగ నిండా ఆరేసిన గుడ్డలు. వానాకాలం వస్తే అమ్మకి టెన్షనే, అవి ఆరవు కదా.

మోసం కాదండీ, ఆ లీటరున్నర నిజమే అయ్యుండొచ్చు. డైపర్‌ని ఉప్పునీళ్ళలో పూర్తిగా ముంచి, నానబెట్టి, పైకి తీసి, కారేదంతా కారిపోయాక తూకం వేస్తే వచ్చే లెక్క అది. 1996లో వచ్చిన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 11948 ప్రమాణం చెప్పే పద్ధతి దాదాపు ఇదే. కానీ మనిషి డైపర్‌ని తొట్టిలో ముంచడు. ఒకేచోట, ఒకే ఊపులో, అదీ ఒక పక్కకి ఒరిగి పడుకుని పోస్తాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ధార సెకనుకి 15 నుంచి 25 మిల్లీలీటర్లు. పెద్దవయసులో సన్నబడుతుంది, సరే, పదే అనుకుందాం. 300 మిల్లీలీటర్లు అరనిమిషంలో వచ్చిపడతాయి. లోపల ఉన్న, తడి పీల్చే పొడి పూర్తిగా ఉబ్బడానికేమో నిమిషాలు పడుతుంది. డైపర్ ఎక్కువసార్లు కారేది నిండిపోయి కాదు, ఈ అరనిమిషానికీ ఆ నిమిషాలకీ మధ్య తేడా వల్ల. నా మటుకు నాకు డైపర్ డిజైన్ అంటే ఈ తేడాని ఎలా దాటించాలన్నదే, మిగతాదంతా అలంకారం.

ఈ ప్రశ్న పుణ్యమా అని నేనూ ఒక అడల్ట్ డైపర్‌ని వంటింటి బల్ల మీద కత్తెరతో కోశాను. మధ్యలో దూదిలాంటి గుజ్జు, అందులో ఇసుకలా, పంచదారలా మెరిసే గింజలు. కాగితం మీద దులిపితే రెండు మూడు చెంచాలు వచ్చాయి. తడి పీల్చే పొడి ఇదే, పేరు సోడియం పాలీఅక్రిలేట్. ఒక చెంచాడు గ్లాసులో వేసి మంచినీళ్ళు పోస్తే చూస్తుండగానే గ్లాసు నిండా పగిలిన జెల్లీలా అయిపోయింది, బోర్లించినా కింద పడలేదు. ఆ జెల్లీ మీద గుప్పెడు ఉప్పు చల్లి కలిపితే మళ్ళీ నీళ్ళు ఊరి జావలా జారిపోయింది. పిల్లలున్న ఇంట్లో తప్పకుండా చేసి చూపించాల్సిన తమాషా ఇది (చేశాక సింకులో మాత్రం పొయ్యకండి, పైపు పట్టేస్తుంది).

మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది వింతేం కాదు. మామిడిముక్కలకి ఉప్పు పట్టిస్తే మర్నాటికి ఊట వస్తుంది. ఉప్పు ఎక్కడ ఎక్కువుంటే నీళ్ళు అటు నడుస్తాయి. ఈ గింజలో జరిగేది దానికి తిరగేసిన మాగాయ, అంటే ఉప్పు లోపల బందీగా ఉంటుంది. పొడుగాటి పాలిమర్ గొలుసుల మీద వరసగా రుణావేశాలు, వాటిని విడిచి పోలేని సోడియం అయాన్లు. బయటికి పోదామంటే విద్యుదాకర్షణ పోనివ్వదు. అందుకని లోపల ఎప్పుడూ 'ఉప్పన', నీళ్ళు లోపలికి దూకుతూనే ఉంటాయి. గొలుసుల మధ్య అక్కడక్కడా ముళ్ళు వేసి ఉంచారు కాబట్టి కరిగి జిగురైపోకుండా వలలా సాగుతుంది, అంతే. స్వచ్ఛమైన నీళ్ళయితే తన బరువుకి కొన్ని వందల రెట్లు తాగుతుంది. 0.9 శాతం ఉప్పునీళ్ళయితే 30 నుంచి 60 రెట్ల దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే బయటా ఉప్పుంది, లాగే బలం తగ్గింది. మూత్రం ఉప్పునీళ్ళే కదా. కాబట్టి నీలిరంగు నీళ్ళు పోసి చూపించే టీవీ ప్రకటనని ఆ మేరకే నమ్మండి.

ఇక నాకు ఇష్టమైన చోటుకి వస్తున్నాను. ఉప్మా.

పచ్చి బొంబాయి రవ్వని ఎసట్లో ఒక్కసారిగా గుమ్మరిస్తే ఏమవుతుంది? ఉండలు కడుతుంది. ఉండని గరిటెతో చిదిపి చూడండి, పైన జిగురు, లోపల పొడిరవ్వ, చుక్క తడి తగలకుండా. పైపొర నీళ్ళు తాగి, మెత్తబడి, పక్కదానికి అతుక్కుని, లోపలివాటికి దారి మూసేసింది. చుట్టూ సలసలా కాగే నీళ్ళున్నా లోపలి రవ్వ దాహంతోనే ఉంటుంది. అచ్చం ఇదే డైపర్‌లో జరిగితే దాన్ని జెల్ బ్లాకింగ్ అంటారు. ధార పడిన చోట గింజలు ఉబ్బి, మెత్తబడి, ఒకదాన్నొకటి నొక్కుకుని, మధ్య సందులన్నీ పూడ్చేసి గోడ కట్టేస్తాయి. ఆ తర్వాత వచ్చిన తడికి కిందికి దారి లేదు, అడ్డంగా పాకుతుంది, తొడ సందులోంచి దుప్పటి మీదకి. కింద, వెనక, గింజలు పొడిగానే ఉండిపోతాయి. పైగా ఉప్మాకి గరిటె తిప్పే మనిషి ఉంటుంది, రవ్వని కొంచెం కొంచెంగా జల్లుతుంది. డైపర్‌లో రవ్వ ముందే పరిచి ఉంది, ఎసరే వచ్చి మీద పడుతుంది, తిప్పే దిక్కు లేదు.

మరి మన ఇళ్ళల్లో ఏం చేస్తారు? రవ్వ వేయిస్తారు. పైపొర గట్టిపడుతుంది, నీళ్ళు తగిలినా ఒక్కో పలుకూ విడిగా ఉబ్బుతుంది. కంపెనీలూ చేసేది ఇంతే, నేను పోలిక కోసం అనడం లేదు, నిజంగానే వేయిస్తారు! గింజల మీద ముడివేసే రసాయనాన్ని పల్చగా పిచికారీ చేసి 150, 200 డిగ్రీల వేడిలో తిప్పుతారు. గింజ లోపల ముళ్ళు తక్కువ, కాబట్టి బాగా సాగి బాగా తాగుతుంది. పైన పెంకులో ముళ్ళు ఎక్కువ, కాబట్టి ఉబ్బినా బిరుసుగా, గుండ్రంగా నిలబడుతుంది. నిలబడితే గింజకీ గింజకీ మధ్య సందు మిగులుతుంది, తర్వాత వచ్చే తడికి అదే దారి. దూదిగుజ్జు ఇక్కడ గరిటె పని చేస్తుంది, గింజల్ని ఎడంగా ఉంచుతుంది. చాలావరకు అమెరికా దక్షిణ రాష్ట్రాల పైన్ చెట్ల గుజ్జు అది, పీచు పొడుగ్గా ఉంటుందని. ఇప్పుడు అందరికీ పల్చటి డైపర్ కావాలి, అంటే గుజ్జు తగ్గించి గింజలు పెంచడం, అంటే గరిటె తీసేసి రవ్వ ఎక్కువ పొయ్యడం. అందుకే పల్చటిదానికి వేయింపు మరీ ముఖ్యం. ఎక్కువ వేయిస్తే మాత్రం మళ్ళీ నష్టం, పెంకు బిగిసి గింజ తాగే మొత్తమే తగ్గుతుంది. మాడిన రవ్వతో ఉప్మా చేసినవాళ్ళకి ఇదీ చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు బరువు. గ్లాసులో స్వేచ్ఛగా ఉబ్బడం వేరు, మనిషి కింద నలుగుతూ ఉబ్బడం వేరు. అందుకని గింజల మీద బరువు పెట్టి మరీ పరీక్షిస్తారు. 0.3 పీఎస్ఐ, 0.7 పీఎస్ఐ మామూలు మెట్లు, అంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 21 గ్రాములు, 49 గ్రాములు. గ్లాసులో గొప్పగా తాగిన మెత్తగింజ ఈ బరువు కింద చతికిలబడుతుంది. ఇంతకీ ఈ పరీక్షల్లో డైపర్‌ని ఒక్కోసారి తడపడాన్ని ఏమంటారో తెలుసా, 'ఇన్సల్ట్'. మొదటి ఇన్సల్ట్, రెండో ఇన్సల్ట్ అని రాసుకుంటారు. మంచం మీద ఉన్న పెద్దాయనని అడిగితే ఆ పేరు సరిగ్గానే పెట్టారంటాడేమో.

చరిత్రలో ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా అనే ఊరుంది. వాడి పారేసే పాంపర్స్‌ని 1961లో జనం మీద ప్రయోగించి చూసింది అక్కడే, అప్పట్లో దాంట్లో ఈ గింజలు లేవు. అదే ఊళ్ళో ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాల, మొక్కజొన్న పిండికి పాలిమర్ అంటించి, నీళ్ళు వందల రెట్లు తాగే 'సూపర్ స్లర్పర్' తయారుచేసింది, విత్తనాలకీ పొలాలకీ పనికొస్తుందని. ఒకే ఊళ్ళో డైపరూ దాహం గింజా ఉన్నాయి, కలవలేదు. గింజని డైపర్‌లో పెట్టింది 1980ల మొదట్లో జపాన్ వాళ్ళు.

గింజలు ఉబ్బేలోపు ఆ అరనిమిషపు వరద ఎక్కడుండాలి? చర్మానికి తగిలే పొర కిందే గుల్లగుల్లగా, స్క్రబ్బర్‌లా ఉండే ఒక పొర ఉంటుంది, కోసి చూస్తే చాలావాటిల్లో తెల్లగానో నీలంగానో కనిపిస్తుంది. అది పీల్చదు, పట్టి ఉంచి పరుస్తుందంతే. పెద్ద సందుల్లోంచి చిన్న సందుల్లోకి నీళ్ళు వాటంతట అవే పోతాయి కాబట్టి కాసేపట్లో కింద గుజ్జు లాక్కుంటుంది. చవకవాటిల్లో ముందు కోత పడేది ఈ పొరకే. కొనేటప్పుడు లీటర్ల అంకె చూస్తాం కానీ దీన్నెవరు చూస్తారు!

ఇక అంచులు. ఇంటర్‌లో "టూ టీ కాస్ తీటా బై ఆర్ రో జీ" అని బట్టీపట్టాం గుర్తుందా, కేశనాళికలో నీళ్ళు ఎంత ఎత్తుకి పాకుతాయో చెప్పే సూత్రం. గాజుగొట్టం బొమ్మ గీయించి పది మార్కులు వేసి వదిలేశారు. ఆ తీటా, అంటే స్పర్శకోణం, 90 డిగ్రీలు దాటితే కాస్ రుణాత్మకం అవుతుంది, నీళ్ళు పాకడం మాని వెనక్కి నెట్టబడతాయి. తామరాకు మీద నీటిబొట్టు ఆ జాతిదే. డైపర్‌లో తొడల దగ్గర నిలబడే పల్చటి మడతలు నీళ్ళంటని పాలీప్రొపిలీన్ గుడ్డతో చేస్తారు. సందు వ్యాసార్ధం 10 మైక్రాన్లు, కోణం 105 డిగ్రీలు అని లెక్క కట్టండి, దాన్ని దాటడానికి దాదాపు 38 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళ ఒత్తిడి కావాలి. మూత్రానికి తలతన్యత కాస్త తక్కువ, కాబట్టి 30 సెంటీమీటర్లు అనుకోండి, అయినా చాలా ఎక్కువే. కానీ సబ్బులాంటి పదార్థం తగిలిందా, కోణం పడిపోతుంది, ఆ గోడ మామూలు గుడ్డే. క్రీముల్లో అలాంటివి ఉంటాయి, అందుకే తొడ మడతల్లో క్రీము దట్టంగా మెత్తి వెంటనే డైపర్ కట్టొద్దంటాను. పల్చగా రాసి ఇంకనివ్వండి.

డైపర్ వేస్తే పిల్లలకి దొడ్డికాళ్ళు వస్తాయని ఇప్పటికీ అంటుంటారు. రెండేళ్ళ లోపు పిల్లలకి కాళ్ళు కాస్త వంపుగానే ఉంటాయి, పొత్తిగుడ్డలు కట్టిన కాలంలోనూ అంతే. ఈ నమ్మకం వల్ల పెద్ద నష్టమేం లేదు. నాకు కోపమొచ్చేది పెద్దవాళ్ళకి సాయంత్రం నుంచి మంచినీళ్ళు తగ్గించేసే అలవాటు మీద. మూత్రం చిక్కబడుతుంది, ఒరుస్తుంది, మలబద్ధకం తోడవుతుంది, పైగా ఉప్పు ఎక్కువైన కొద్దీ గింజ తాగేది తగ్గుతుందని పైనే చెప్పుకున్నాం. ఇంకొకటి, కారుతోందని డైపర్‌లో ఇంకో డైపర్ పెట్టడం. లోపలి దానికి వెనక ప్లాస్టిక్ పొర ఉంది కదా, అది నిండితే బయటిదాంట్లోకి దిగదు, పక్కలకే వస్తుంది. పెట్టాలంటే ప్లాస్టిక్ లేని బూస్టర్ ప్యాడ్ పెట్టాలి.

ఆవిడకి చెప్పింది ఇదీ: మగవాళ్ళకి తడి ముందుభాగంలోనే పడుతుంది, పక్కకి తిరిగి ఉంటే కింద ఉన్న తుంటి వైపు పోతుంది, వెనక ఉన్న గింజల దాకా చేరదు. కట్టేటప్పుడు అంగం కిందికి ఉండేలా చూసుకోండి, తొడల దగ్గర రెండు మడతలూ వేలితో బయటికి లాగి నిలబెట్టండి, డైపర్ బయట, తడిస్తే రంగు మారే గీత ఉంటుంది, అది మారిన వెంటనే ఆయన్ని రెండో పక్కకి తిప్పకుండా పది నిమిషాలు ఆగండి, గింజల్ని తాగనివ్వండి.

నాలుగు రోజులకి మళ్ళీ రాశారు. ఎడమ తొడ దగ్గర మడత లోపలికి ముడుచుకుపోయి ఉందట, ఆయనకి పట్టులేని వైపే. సరిచేశాక రాత్రికి ఒక్కసారే దుప్పటి మార్చారట. ఆ ఒక్కసారి తడిసింది మాత్రం తొడ దగ్గర కాదు, వెనక నడుం దగ్గర. అంటే సైజు పెద్దదైనట్టుంది. నడుం కొలత అడిగాను, ఇంకా చెప్పలేదు.