హోస్టింగ్ మార్పు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సైటును కొత్త హోస్టింగ్ కంపెనీకి తరలించి, డీఎన్‌ఎస్ (సైటు పేరుకు సర్వర్ చిరునామా, అంటే ఐపీ చెప్పే వ్యవస్థ) మార్చాక 48 గంటలు ఆగాల్సిందే.

వాస్తవం: ఎంతసేపు ఆగాలో తేల్చేది పాత రికార్డు టీటీఎల్, అంటే దాన్ని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు. అది 14400 అయితే 4 గంటలు, 300 అయితే 5 నిమిషాలు. అంతవరకు ఇంటర్నెట్ కంపెనీల రిజాల్వర్లు (సైటు చిరునామా వెతికిపెట్టే సర్వర్లు) పాత ఐపీనే చెబుతుంటాయి. అందుకే సైటు మార్చే ముందు రోజే ‘ఏ’ రికార్డు (డొమైన్ పేరుకు ఐపీని చూపేది) టీటీఎల్‌ను 300కి దించాలి. మార్చే నిమిషంలో దించితే ఏం లాభం? పాత గడువు అప్పటికే అందరి దగ్గరా చేరిపోయి ఉంటుంది.

48 గంటల మాట ఉత్త పుకారేమీ కాదు. డాట్‌కామ్ పేర్ల జాబితా నడిపే రిజిస్ట్రీ, నేమ్‌సర్వర్ (డొమైన్ రికార్డులు ఉంచే సర్వర్) రికార్డులకు ఇచ్చే గడువు 172800 సెకన్లు, అంటే సరిగ్గా 2 రోజులు. నేమ్‌సర్వర్ల జోలికి పోకుండా ‘ఏ’ రికార్డు ఒక్కటే మార్చుకుంటే ఈ గొడవే ఉండదు. వాటినీ మార్చక తప్పదంటే ముందు డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులు నకిలీవి కావని సంతకంతో తేల్చే ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూడండి. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) దగ్గర పాత డీఎస్ రికార్డు (ఆ సంతకాన్ని సరిచూసే గుర్తు) మిగిలిపోతే, కొత్త సర్వర్ నిక్షేపంగా ఉన్నా సైటు కొందరికి తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు. ముందు దాన్ని తీసేయండి, గడువు తీరాకే నేమ్‌సర్వర్లు మార్చండి.

అపోహ: డొమైన్‌ని కూడా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. డొమైన్, హోస్టింగ్ రెండూ ఒకే బిల్లులో అమ్ముతారు కాబట్టి ఒకటే అనిపిస్తుంది, అంతే.

అపోహ: సైటు ఫైళ్ల జిప్ దించి కొత్త చోట ఎక్కిస్తే పనైపోయినట్టే.

వాస్తవం: తెలుగు సైట్లకు అసలు గండం డేటాబేస్‌లో ఉంటుంది. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘తెలుగు’లో మూడు హల్లులు, ఒక ఎత్వం, రెండు కొమ్ములు, మొత్తం 18 బైట్లు. డంప్‌ని (డేటాబేస్ మొత్తం రాసుకున్న ఫైలు) లాటిన్1గా (పశ్చిమ యూరప్ భాషల పాత పద్ధతి) చదివితే ప్రతి బైటూ ఒక అక్షరమై కూర్చుంటుంది. అప్పుడు పేజీ నిండా నెత్తిన గీతలున్న ఇంగ్లిష్ ‘ఏ’లు (à), డిగ్రీ గుర్తులే. పాత సైట్లలో ఇంకో మెలిక: టేబుల్ లాటిన్1 అంటుంది, లోపల ఉన్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. అలాంటిదాన్ని లాటిన్1గానే డంప్ తీసి, ఆ ఫైల్లో క్యారెక్టర్‌సెట్ పేర్లన్నీ యూటీఎఫ్8ఎంబీ4గా (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) మార్చి ఎక్కించాలి. పేరు చివర ఎంబీ4 మరిచిపోతే తెలుగు బాగానే వస్తుంది, ఎమోజీలు మాత్రం ప్రశ్నార్థకాలవుతాయి.

డొమైన్ పేరు కూడా మారుతుంటే డంప్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫైండ్-రీప్లేస్ కొట్టకండి. వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే సాఫ్ట్‌వేర్) సీరియలైజ్ చేసిన, అంటే ఒకే వరుసగా కూర్చిన డేటాలో ప్రతి మాట ముందూ దాని బైట్ల లెక్క రాసి ఉంటుంది. మాట మారి లెక్క మారకపోతే విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు చప్పుడు లేకుండా మాయమవుతాయి. డబ్ల్యూపీ-సీఎల్‌ఐలోని (వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే పనిముట్టు) సెర్చ్-రీప్లేస్ ఆ లెక్కలనూ సరిచేస్తుంది.

హోమ్‌పేజీ వచ్చి లోపలి పేజీలన్నీ 404 అంటుంటే చుక్కతో మొదలయ్యే హెచ్‌టీయాక్సెస్ ఫైలు (లింకులను సరైన పేజీకి పంపే నియమాలుండేది) రాలేదని అనుమానించండి. కొన్ని ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించే, దించే) ప్రోగ్రాములు దాన్ని చూపించవు. కొత్త సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ (మరో రకం వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) అయితే, ఫైలు వచ్చినా అది చదవదు.

అపోహ: సైటు వచ్చిందంటే మెయిలూ వచ్చేస్తుంది.

వాస్తవం: మెయిల్‌ని నడిపేది ఎంఎక్స్ రికార్డు, అంటే ఉత్తరాలు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది. పాత సర్వర్‌లోని మెయిల్‌బాక్సులను ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్ చదివే పద్ధతి) ద్వారా విడిగా కాపీ చేయాలి. ఎస్‌పీఎఫ్‌లో (మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఉన్న సర్వర్ల జాబితా) పాత ఐపీనే ఉండిపోతే కొత్త సర్వర్ నుంచి వెళ్లే ఉత్తరాలు స్పామ్‌లో పడొచ్చు. వీటన్నిటికంటే తెలియకుండా దెబ్బతీసేది సీప్యానెల్‌లో (హోస్టింగ్ సెట్టింగులు మార్చే పేజీ) ఈమెయిల్ రూటింగ్. మెయిల్ బయట గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉండి, ఇక్కడ లోకల్ అని ఉంటే, కాంటాక్ట్ ఫారమ్ ఉత్తరాలు ఆ సర్వర్‌లోనే ఆగిపోతాయి. చాలాసార్లు ఎర్రర్ కూడా కనిపించదు.

అపోహ: సైటు కాసేపైనా ఆగిపోతుంది, గూగుల్ ర్యాంకు పడిపోతుంది.

వాస్తవం: లింకులు మారకుండా, కొత్త సర్వర్ మరీ నెమ్మదిగా లేకపోతే ర్యాంకుకు భయం లేదు. టెస్టింగ్ అప్పుడు పెట్టిన ‘సెర్చ్ ఇంజిన్లకు వద్దు’ టిక్కు మాత్రం తీసేయండి. ఇక ఆగడం సంగతి: డీఎన్‌ఎస్ ముట్టుకోకముందే మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్లో కొత్త ఐపీ, డొమైన్ పేరు ఒక వరుసలో రాసుకుంటే కొత్త సైటు మీకొక్కరికే కనిపిస్తుంది. అప్పటికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా ఇచ్చే సంస్థ) భద్రతా సర్టిఫికెట్ హెచ్‌టీటీపీ పద్ధతిలో రాదు, డొమైన్ ఇంకా పాత చోటే చూపిస్తోంది కదా. డీఎన్‌ఎస్‌లో పెట్టే టీఎక్స్‌టీ రికార్డుతో తెచ్చుకోవచ్చు, లేదా పాత సర్టిఫికెట్‌ని ప్రైవేట్ కీతో సహా కాపీ చేయొచ్చు.

ఆర్డర్లు తీసుకునే సైటైతే చివరి డంప్ నుంచి టీటీఎల్ తీరేదాకా పాత సైటులో కొనుగోళ్లు ఆపేయాలి. లేదంటే ఆ మధ్యలో వచ్చిన ఆర్డర్లు పాత డేటాబేస్‌లోనే మిగిలిపోతాయి. పాత ఖాతాను మాత్రం వెంటనే రద్దు చేయొద్దు. దాని యాక్సెస్ లాగ్‌లో (వచ్చినవారి చిట్టా) బాట్లు తప్ప మనుషులు కనిపించని రోజు వచ్చాక, మెయిల్‌బాక్సులు ఇంకోసారి సింక్ చేసి, అప్పుడు మూసేయండి.