ఐబీఎస్‌కి కడుపు మాడ్చుకోవడం మందు కాదు

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకంతో పదేపదే ఇబ్బందిపెట్టే పేగు సమస్య) ఉన్నవాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఇడ్లీ, పెరుగన్నం మీదే నెట్టుకొస్తుంటారు. పప్పు మానేసి, కూరలు మానేసి, చివరికి పెళ్ళి భోజనాలకు వెళ్ళడమూ మానేసి ఉంటారు. డైటీషియన్‌గా నన్ను జబ్బుకన్నా ఆ భయమే ఎక్కువ బాధపెడుతుంది.

అపోహ: ఇది పాత అమీబియాసిస్ (పేగులో అమీబా ఇన్ఫెక్షన్). అప్పుడప్పుడు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ కోర్సు వేసుకుంటే చాలు.

వాస్తవం: ఐబీఎస్‌లో పేగులో పురుగూ ఉండదు, పుండూ ఉండదు. పేగుకీ మెదడుకీ మధ్య సంకేతాలు గాడి తప్పి, మామూలు గ్యాస్‌ కూడా నొప్పిగా తెలుస్తుంది. తీవ్రమైన విరేచనాలు తగ్గాక కొందరికి ఇది మొదలవుతుంది కాబట్టి ఇన్ఫెక్షన్ ఇంకా పోలేదనిపిస్తుంది. డాక్టర్ చెప్పకుండా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు.

అపోహ: కారం మానేస్తే సరిపోతుంది.

వాస్తవం: కారం కొందరికి నిజంగానే పడదు. కానీ ఉల్లి, వెల్లుల్లి సంగతి ఎవరూ అనుమానించరు. వాటిలోని ఫ్రక్టాన్లు అనే ఒక రకం పిండిపదార్థాలు చిన్నపేగులో జీర్ణం కావు. పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతాయి. ఇవి నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే సాంబారులో ఉల్లిముక్కలు ఏరేసినా లాభం లేదు, అప్పటికే అవి పులుసులోకి దిగిపోయి ఉంటాయి. అదే నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, తీసేసి, ఆ నూనెతో తాలింపు పెడితే రుచి ఉంటుంది, ఇబ్బంది ఉండదు. ఉల్లి బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం వాడొచ్చు. పాలు పడనివాళ్ళలో చాలామందికి పెరుగు పడుతుంది. కందిపప్పుతో ఉబ్బరం వస్తుంటే పెసరపప్పు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వండుకుని, కొద్దిగా తిని చూడండి.

ఇలాంటి పదార్థాలను తగ్గించే లో-ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీలో రూపుదిద్దుకుంది. అందులో మానేసే దశ 2 నుంచి 6 వారాలే. తర్వాత ఒక్కొక్కటిగా మళ్ళీ తిని, ఏది ఎంత పడుతుందో చూసుకోవాలి. ఈ రెండో దశనే అందరూ వదిలేస్తారు. దయచేసి వదలకండి, మీ పళ్ళెం మళ్ళీ నిండేది అక్కడే.

అపోహ: పీచు ఎంత తింటే అంత మంచిది.

వాస్తవం: గోధుమ తవుడు చాలామందికి ఉబ్బరం పెంచుతుంది. ఇసబ్‌గోల్ నయం. ఒక చెంచాతో మొదలుపెట్టి, గ్లాసు నిండా నీళ్ళతో, మెల్లగా పెంచండి.

అపోహ: అంతా టెన్షన్, మనసు గట్టి చేసుకోవాలి.

వాస్తవం: టెన్షన్ నొప్పిని పెంచుతుంది, అంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు. ఇంట్లోవాళ్ళు "నటిస్తోంది" అనే మాట అనకూడదు. డాక్టర్ తక్కువ డోసులో అమిట్రిప్టిలిన్ రాస్తే "డిప్రెషన్ మందు ఇచ్చారేంటి" అని కంగారుపడకండి, పేగు నొప్పి తగ్గడానికి కూడా దాన్ని వాడతారు.

అపోహ: ఇది క్యాన్సర్‌గా మారుతుంది.

వాస్తవం: మారదు. అయితే మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్ళ తర్వాత కొత్తగా మొదలైన లక్షణాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్: వీటిలో ఏది ఉన్నా ఇంటి చిట్కాలు పక్కనపెట్టి ముందు గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించుకోండి.